వానను కాసేపు ఆగమన్న రోజు

పాటలు బాగా వినపడాలన్న ఆశ ఒక వీధి విత్తనాలకు అడ్డం పడుతుందంటే మీరు నమ్మరు. మా వీధిలో మాత్రం అందరూ నమ్ముతారు, నన్ను చూపించి మరీ చెబుతారు.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. డిగ్రీ అయిపోయింది, ఉద్యోగం రాలేదు, తెలివి మాత్రం పొంగి పొర్లుతోంది. మా రేకుల గదిలో ఒక కంప్యూటరు, దానికి రెండు స్పీకర్లు. ఎడమ స్పీకర్లో పాట పక్కింట్లోంచి వస్తున్నట్టుండేది. వెతగ్గా వెతగ్గా కంప్యూటర్‌లోనే రూమ్ కరెక్షన్ అనే ఏర్పాటు ఒకటి కనిపించింది. మనం కూర్చునే చోట మైకు పెట్టాలి. కంప్యూటరు ఒక్కో స్పీకర్లోంచి కూత పెట్టి, అది మైకుకు ఎలా చేరిందో చూసుకుని, గదికి తగ్గట్టు శబ్దాన్ని తనే సరిదిద్దుతుంది. షరతు ఒక్కటే. ఆ కాసేపు చుట్టుపక్కల చప్పుడు ఉండకూడదు.

మా ఇంట్లో చప్పుడు లేకపోవడమా? మొదటిసారి బటను నొక్కగానే కుక్కరు కూసింది.

"అమ్మా, రెండు నిమిషాలు దాన్ని ఆపు."

"పప్పుతో నువ్వే మాట్లాడుకో పో," అంది అమ్మ.

రెండోసారి నాయన దగ్గాడు. మూడోసారి వీధిలో గొర్రెల మంద పోయింది. నేను లేచి, కూర్చుని, మళ్ళీ లేచి, మైకును జరిపి, గోళ్ళన్నీ కొరికేశాను.

బయట నాయన కూడా అలాగే తిరుగుతున్నాడు. ఆయన బాధ వేరు. చెనిక్కాయ విత్తనం వలిచి పెట్టుకుని నెల రోజులుగా ఆకాశం చూస్తున్నాడు. నేల బాగా నానితేనే విత్తగలం. ఇంకో వారం దాటితే ఆ ఏడు పంట లేనట్టే.

నాలుగోసారి ఊపిరి బిగబట్టి నొక్కాను. ఎడమ స్పీకరు కూసింది. కుడిది కూయబోతుండగా నెత్తిమీద రేకులు టపటపమన్నాయి, ఆ వెంటనే దడదడమన్నాయి. చప్పుడు ఎక్కువగా ఉంది, మళ్ళీ ప్రయత్నించండి అంది కంప్యూటరు.

నాకు ఒళ్ళు మండింది. వాకిట్లోకి ఉరికి, ఆకాశాన్ని చూసి అరిచాను: "నిన్నిప్పుడు ఎవురు పిలిచినారు? ఒక్క ఐదు నిమిషాలు ఆగితే నీ సొమ్మేం పోతాది?"

అప్పుడు చూశాను. నాయన, అమ్మ, ఎదురింటి హనుమంతన్న వానలో చేతులు చాచి నిలబడి ఉన్నారు. ముగ్గురూ నావైపు తిరిగారు. దేవుడి మీద ఒట్టు, పదంకెలు లెక్కపెట్టేలోపు వాన ఆగిపోయింది.

"ఏమప్పా," అన్నాడు హనుమంతన్న నెమ్మదిగా, "ఆగమన్నావు, ఆగింది. ఇంగేమన్నా పని చెప్తావా దానికి?"

నాయన కాలి బొటనవేలితో మట్టి గీకి చూశాడు. "బెత్తెడు గూడా దిగలేదు," అన్నాడు. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ తర్వాత ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు, అమ్మ పొయ్యి కూడా వెలిగించలేదు. ఇలాంటి నిశ్శబ్దం మళ్ళీ దొరుకుతుందా అని, చెప్పడానికి నోరు రావడం లేదు గానీ, లోపలికి పోయి బటను నొక్కాను. ఒక్క దెబ్బకు అయిపోయింది. పాట పెడితే రెండు స్పీకర్లూ అద్భుతంగా పలికాయి.

"ఆపు," అన్నాడు నాయన బయటి నుంచి. ఆపేశాను.

మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ మబ్బు పట్టింది. నాయన నా సంచి తెచ్చి చేతికిచ్చాడు.

"సోమందేపల్లెకు పో, అక్క ఇంటికి."

"ఎందుకు నాయనా?"

"మోడాలు వస్తాండాయి. నువ్వుంటే కష్టం."

నేను సోమందేపల్లెలో బస్సు దిగానో లేదో కుండపోత. అక్క ఇల్లు చేరేసరికి తడిసి ముద్దయ్యాను. ఫోను మోగింది.

"ఆడ పడతాండాదంట?" అన్నాడు నాయన.

"పడతాండాది నాయనా."

"ఏమన్నా అన్నావా దాన్ని?"

"ఒక్క మాట గూడా అనలేదు."

"ఈడ చుక్క లేదు. నువ్వు యాడుంటే ఆడికొచ్చేటట్టుండాది. బస్సెక్కి రా. దావలో గూడా నోరు తెరవాకు."

తెరవలేదు. కండక్టరు యాడికి అని అడిగితే వేలితో చూపించాను. బస్సు వెనకాలే వాన వచ్చింది. రాత్రంతా కురిసి నేల నానింది, మర్నాడు పొద్దున్నే నాయన విత్తనానికి పోయాడు.

కనుక సకల జనుల సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో వాన పడుతుండగా నోరు విప్పను. ఇల్లు కారినా సరే, సైగలే చేస్తాను.