రెప్ప వేయని పెదనాన్న

మా పెదనాన్న తగవులు ఆడడు, చూస్తాడు. పక్కవాడు పొలం గట్టు జరిపినా, బస్సులో కండక్టరు చిల్లర ఎగ్గొట్టినా, నోరెత్తకుండా వాళ్ళ కళ్ళలోకి రెప్ప వేయకుండా చూస్తాడు. ముందు రెప్ప వేసినవాడు ఓడినట్టు. తాము పోటీలో ఉన్నట్టు చాలామందికి ఇప్పటికీ తెలియదు.

అలాంటి మనిషిని పోయినేడు కొడవలూరులో రైతు సేవా కేంద్రానికి తీసుకెళ్ళాం. ఫోనుకు ముఖం చూపించి నమోదు చేయించుకోకపోతే సర్కారు ఇచ్చే సాగు సాయం ఆ విడత పడదు. నాట్లు మొదలయ్యాయి, ఎరువు కొనాల్సింది ఆ డబ్బుతోనే.

అక్కడి ఉద్యోగిని ఫోను ఆయన ముఖానికి ఎదురుగా పెట్టి, "రెప్ప వెయ్యి తాతా" అంది.

"దాన్నే ముందు వెయ్యమను పాపా" అన్నాడు.

ఫోను విఫలమంది. మళ్ళీ పెడితే మళ్ళీ విఫలమంది. పెదనాన్న మీసం కింద గెలిచిన నవ్వు మొదలైంది.

పెద్దమ్మకు ఒళ్ళు మండింది. "ఏందయ్యా నీ యవ్వారం! పైరుకు ఎరువు బదులు నీ చూపులు చల్లేదా?"

ఆయన చలించలేదు. నేను చెవిలో చెప్పాను. "పెదనాయనా, అది ఫోను. దానికి రెప్పల్లేవు."

ఆయన ఫోనును చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. ప్రత్యర్థి మీద ఆయనకు జాలి కలగడం అదే మొదటిసారి.

"ముందే చెప్పొద్దంట్రా? రెప్పల్లేనిదాంతో పందెమేంది, పాపం!" అని, దాన్ని ఓదారుస్తున్నట్టు ఒకటికి రెండుసార్లు నెమ్మదిగా రెప్ప వేశాడు.