అమ్మకని కేసెట్‌లో చెప్పిన మాట

ఐదో నెలకే నా చనుమొనలు నల్లబడ్డాయి. చుట్టూ ఉన్న నలుపు వెడల్పయి, దాని మీద చిన్న చిన్న బొడిపెలు లేచాయి. ఏడో నెలలో జాకెట్టు మీద పసుపుపచ్చ మరకలు కనిపించాయి. భయపడి మా ఆయనకు చూపించాను.

"అందరికి అయ్యేదే గద, నీకొక్కదానికే కొత్తనా?" అన్నాడు, బూట్ల లేసు కట్టుకుంటూ. తలెత్తి చూడలేదు. ఆయన అన్నది నిజమే కావచ్చు. తలెత్తకపోవడం మాత్రం నేను మరిచిపోలేదు.

తొంభైల మొదట్లో, బహ్రెయిన్‌లోని ఉమ్మ్ అల్ హస్సామ్‌లో, హైదరాబాద్ నుంచి వచ్చిన, నేను అక్కా అన్నట్టుగా ఆపా అని పిలిచే ఒకావిడ కుటుంబంతో కలిసి ఒకే ఫ్లాటులో ఉండేవాళ్లం. పాప పుట్టాక నా కష్టం మొదలైంది. రొమ్ములు రాయిలా గట్టిపడ్డాయి, చనుమొనలు లోపలికి అణిగిపోయాయి. పాప చివర మాత్రమే పట్టుకునేది, జారిపోయేది, ఏడ్చేది. నాలుగో రోజుకు పగుళ్లు వచ్చి, పాలతో పాటు నెత్తురు వచ్చింది. హెల్త్ సెంటర్‌లో నర్సు చూడకుండానే "నార్మల్, నార్మల్" అంది. నా వెనక వరసలో ఉన్నావిడ నవ్వింది కూడా.

ఆపా పాపను ఎత్తుకుని, "చెల్లే, నీ బిడ్డ గొంతు ఎయిర్‌పోర్టు దాకా పోతుంది, విమానాలు దిగుతలేవంట" అని నన్ను నవ్వించాలని చూసింది. తర్వాత మెల్లగా, "నేను కన్నదాన్ని కాదు కద, నాకేం ఎరక?" అంది.

అమ్మనే అడగాలి. మా ఊళ్లో ఫోను ఉన్నది ఒక్క కిరాణా కొట్టులోనే, అక్కడ పదిమంది మగవాళ్లు కూర్చుని ఉంటారు. అందుకని మనవాళ్లంతా చేసినట్టే కేసెట్‌లో మాట్లాడాను. ఒక వైపు అందరి క్షేమసమాచారాలు. రెండో వైపు, "ఇది అమ్మ ఒక్కతే వినాలె" అని ముందే చెప్పి, ఉన్నదంతా ఏడుస్తూ చెప్పాను. సెలవు మీద వెళ్తున్న మా ఆయన దోస్తు దాన్ని తీసుకెళ్లాడు.

ఇక్కడే తప్పు చేశాను. గల్ఫ్‌లో ఎక్కడి నుంచి వచ్చినా మా ఊళ్లో దుబాయి కేసెట్ అనేది, అది ఎవరి పేరున వచ్చినా ముందు అత్తవారింట్లోనే దిగుతుందని, వాకిట్లో మంచం మీద టేప్‌రికార్డర్ పెట్టి ఇంటిల్లిపాదీ రెండు వైపులా వింటారని నాకు తెలియదా? తెలుసు. ఆ నొప్పిలో మరిచాను. మరుదుల ముందు నా చనుమొనల పగుళ్లు మోగాయి. అత్తమ్మ కేసెట్ తీసి పెట్టెలో పెట్టేసింది. నెల దాటాక గానీ అమ్మకు ఇవ్వలేదు.

ఈలోగా ఒక రొమ్ములో గడ్డకట్టి జ్వరం వచ్చింది. మా ఆయన డబ్బాపాలు తెచ్చాడు. పాప సీసా రుచి మరిగింది. నా పాలు తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయాయి.

జవాబు కేసెట్ వచ్చేసరికి పాపకు మూడు నెలలు నిండాయి. ముందు అత్తమ్మ గొంతు: "అన్నీ మీ అమ్మకే చెప్పుకుంటవా, మేం సచ్చిపోయినమా? నా కొడుకు ఇజ్జత్ తీస్తివి." తర్వాత అమ్మ: "బిడ్డా, ఉడుకునీళ్ల బట్టతోని కాపడం పెట్టు. రెండు వేళ్లతోని ఒత్తి మొన బయటికి తియ్యి. మొన ఒక్కటే గాదు, సుట్టున్న నలుపంత పాప నోట్లకు పోవాలె. తాగినంక నీ పాలే రాసి ఆరబెట్టు. ఇప్పుడు పట్టియ్యి."

ఇంత సులువా? ఈ నాలుగు మాటల కోసమా నా కేసెట్ నెల రోజులు పెట్టెలో మగ్గింది?

టేపు ఆపి, వేడినీళ్లలో బట్ట తడిపి కాపడం పెట్టుకున్నాను. అమ్మ చెప్పినట్టే ఒత్తాను, మొన బయటికొచ్చింది. పాపను దగ్గరికి తీసుకున్నాను. ఒకసారి నోట పెట్టుకుని చీకింది. ఏమీ రాలేదు. ముఖం తిప్పేసుకుని, బల్ల మీది సీసా వైపు చూస్తూ ఏడుపందుకుంది. జాకెట్టు హుక్కులు పెట్టుకుని, లేచి, పాలు కలిపాను.