అత్తమ్మ చుక్కల మందు

మా మేనత్త పొయ్యి దగ్గర నిలబడిందంటే పేరున్న వంట మేస్త్రులు కూడా పక్కకు జరిగేవారు. బాన్సువాడ చుట్టుపక్కల పెళ్ళి వంట అంటే మగవాళ్ళ పని. మామయ్య పోయాక చెరుకు పొలం కౌలుకిచ్చి, ఊరికే కూర్చోలేక, ఎనిమిది మంది ఆడవాళ్ళను వెంటేసుకుని ఆమె ఆ పనిలోకి దిగింది. వెయ్యి మందికి బగారన్నం వండినా అడుగు మాడనిచ్చేది కాదు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఇంటా బయటా అంటారు. అది నిజమే కానీ, ఆ కోపం ఆమె ముందు మాత్రం ఒక్కసారీ పనిచేయలేదు.

నాకు బస్టాండు దగ్గర మందుల దుకాణం. ఇరవై ఏళ్ళుగా గోలీలు అమ్ముతున్నవాణ్ణి కాబట్టి మందుల గురించి నాకు ఇంకొకరు చెప్పక్కర్లేదని నా నమ్మకం. అత్తమ్మకు రొమ్ములో గడ్డ లేచినప్పుడు హైదరాబాదు తీసుకెళ్ళిందీ, ఆరు నెలలు అక్కడి క్యాన్సర్ దవాఖాన వరండాల్లో తిరిగిందీ నేనే. గడ్డ పోయింది. కానీ ఆ మందులు ఆమె అరికాళ్ళలో మంట మిగిల్చాయి. నేల మీద కాలు పెడితే నిప్పుల మీద పెట్టినట్టుందని చెప్పేది. రాత్రంతా కాళ్ళు తడిగుడ్డలో చుట్టుకుని కూర్చునేది. నరాలకని ఇచ్చిన గోలీలు మింగితే పగలంతా మత్తు. ఒకరోజు పప్పు పొంగి పొయ్యి ఆరిపోయినా ఆమెకు తెలియలేదు. పొయ్యి పక్కనే కూర్చుని కునుకు తీస్తోంది. ఆమెను అలా చూడటం అదే మొదటిసారి, నాకు ఏడుపు వచ్చింది.

ఆమెకూ భయం పట్టుకుంది, అయితే అది జబ్బు గురించి కాదు. వర్ని దగ్గర కాలువ కింద వరి పండించే ఒక కోస్తా కుటుంబానికి ఆమె మాటిచ్చి ఉంది. వాళ్ళ అమ్మాయి ఓణీల వేడుకకు వండినప్పుడు, పెళ్ళికి కూడా నేనే వండుతానని ఆ పిల్ల గడ్డం పట్టుకుని చెప్పింది. ఇప్పుడు ఆ పెళ్ళి కుదిరింది. ఇంకా మూడు నెలలుంది. పొయ్యి దగ్గర నిలబడగలనా లేదా అన్నదొక్కటే ఆమె ఫికరు. గోలీ వేసుకుంటే బుర్ర పనిచేయదు, వేసుకోకపోతే కాళ్ళు నిలవవు.

ఎవరో చెబితే హైదరాబాదులో నొప్పులకు చూసే ఒక ఆయుర్వేద డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. ఆమె పాత కాగితాలన్నీ చదివి, వేసుకునే మందులన్నీ అడిగి, ఒక నూనె రాసింది. చీటీ మీద విజయ అని ఉంది. అదేమిటని అడిగాను. గంజాయి మొక్క ఆకుతో చేసిన మందు అంది. నేను కుర్చీలోంచి లేచాను. లైసెన్సు పెట్టుకుని మందులమ్మే మనిషిని, మా అత్తకు గంజాయి పట్టమంటారా అన్నాను. కొంచెం గట్టిగానే అన్నాను.

డాక్టరమ్మ నొచ్చుకోలేదు. ఆ మొక్క ఆకు భంగు, పూత గంజాయి, జిగురు చరసు అని మొదలుపెట్టి, చట్టం పూతనూ జిగురునూ నిషేధించిందనీ, ఆకుతో లైసెన్సున్నవాళ్ళు చేసిన మందు చీటీ మీద ఇవ్వవచ్చనీ చెప్పింది. ఆకులోనూ మత్తెక్కించే గుణం ఉంటుంది, మత్తెక్కించని గుణమూ ఉంటుంది, సీసా మీద ఏది ఎంతుందో రాసి ఉన్నదే కొనాలి అంది. ఇది నొప్పిని తీసేయదు, కొంచెం దూరం జరుపుతుంది, కొందరికి అదీ చేయదు అంది. నేను తల పక్కకు తిప్పుకున్నాను. అత్తమ్మ మాత్రం బడిపిల్లలా ముందుకు వంగి వింది.

“ఏసుకున్నంక ఎంతసేపటికి తెలుస్తది?” అని అడిగింది.

“కడుపులోకి పోయే మందమ్మా. గంట పట్టొచ్చు, రెండు గంటలు కూడా పట్టొచ్చు. ఎక్కాక ఆరేడు గంటలుంటుంది, ఒక్కోసారి మర్నాడు పొద్దుటికి కూడా తల బరువుగా ఉంటుంది. ఆ టైములో బండి నడపొద్దు, నిప్పు దగ్గరికి పోవద్దు. కల్లు, సారా అసలే వద్దు. నిద్రగోలీలతో కలపొద్దు. ఇంకెవరికీ ఇవ్వొద్దు.”

తిరుగు బస్సులో ఆ సీసాను నేను పేపరులో చుట్టి, దాన్ని ఒక సంచిలో, ఆ సంచిని ఇంకో సంచిలో పెట్టి ఒళ్ళో దాచుకున్నాను. దారిలో పోలీసులు బస్సాపి సామాన్లు చూస్తుంటే నాకు చెమటలు పట్టాయి. అత్తమ్మ నా ఒళ్ళోంచి సంచి లాక్కుని, సీసా, చీటీ రెండూ తీసి పోలీసాయన చేతిలో పెట్టింది. “గంజాయాకు మందు సారూ. కాళ్ళ మంటకు రాసిచ్చిండ్రు,” అంది. ఆయన చీటీ చదివి, సీసా చూసి, జాగ్రత్తగా వాడమ్మా అని తిరిగిచ్చాడు. బస్సంతా మమ్మల్నే చూసింది. నేను కిటికీలోంచి చెరుకు తోటలు చూశాను.

ఆ సాయంత్రం జరిగింది చెప్పాలంటే ముందు నా పాత కథ ఒకటి చెప్పాలి. కాలేజీ రోజుల్లో హోలీకి జుక్కల్ అవతల ఒక స్నేహితుడి ఇంటికి వెళ్ళాను. వాళ్ళింట్లో మరాఠీ మాట్లాడతారు. భంగు కలిపిన పాలు ఒక గ్లాసు ఇచ్చారు. మనది కల్లు లెక్క. కల్లయితే ముంత దిగేలోపే సంగతి తెలుస్తుంది. అరగంటైనా ఏమీ కాలేదని ఇంకో గ్లాసు అడిగాను. ఆ ఇంటి పెద్దాయన “థాంబ, థాంబ” అన్నాడు, ఆగమని. నేను ఆగలేదు. ఆ తర్వాత సాయంత్రం దాకా వాళ్ళ బావి గట్టు పట్టుకుని, వదిలితే భూమ్మీంచి జారిపోతానని ఏడ్చానట. ఆ కథ మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. అంతటి అనుభవం ఉండి కూడా, నా తలకేమీ ఎక్కలేదు.

డాక్టరమ్మ మొదట మూడు చుక్కలు వేయమంది. దీపాలు పెట్టే వేళకు అత్తమ్మ నెయ్యి వేసుకుని అన్నం తిన్నాక నాలుక మీద మూడు చుక్కలు వేసి మింగమన్నాను. ముప్పావు గంట చూశాం. ఏం తేడా లేదంది. ఇంత దూరం పోయి తెచ్చిన మందు ఇదా అని నాకు విసుగొచ్చి ఇంకో మూడు వేశాను. ఆమె వద్దనలేదు, మందుల సంగతి నాకు తెలుసని ఆమె నమ్మకం.

గంట తిరగకముందే ఆమె నోరు ఎండిపోయింది. గుండె దడదడ కొట్టుకుంటోందని నా చెయ్యి తీసుకుని రొమ్ము మీద పెట్టుకుంది. గోడ తన మీదికి వస్తోందంది. “నేను పోతున్న బిడ్డా,” అంది. ఆమె కళ్ళలో భయం నేను అంతకుముందెన్నడూ చూడలేదు. హైదరాబాదు దవాఖానలో గడ్డ పేరు చెప్పినప్పుడు కూడా చూడలేదు. డాక్టరమ్మకు ఫోన్ చేసి, వేసిన చుక్కల సంగతి ఒప్పుకున్నాను. ఆమె తిట్టినా బాగుండేది. నెమ్మదిగా మాట్లాడుతూ పక్కనే కూర్చోండి, లైటు తగ్గించండి, మంచినీళ్ళు గుక్కగుక్కగా పట్టండి, ఇది దిగిపోతుందని మాటిమాటికీ చెప్పండి, ఛాతీలో నొప్పి అన్నా, స్పృహ తప్పినా వెంటనే దవాఖానకు తీసుకెళ్ళండి అంది. అలాగే చేశాను. దిగిపోతది అత్తమ్మా అని ఎన్నిసార్లన్నానో లెక్కలేదు. మెల్లగా ఆమె పట్టు సడలింది, నిద్రపోయింది.

మర్నాడు పొద్దెక్కాక లేచింది. లేచీ లేవగానే అడిగింది.

“రాత్రి ఎన్ని చుక్కలేసినవ్?”

“ఆరు.”

“డాక్టరమ్మ ఎన్నన్నది?”

నేను తల వంచుకుని మూడు వేళ్ళు చూపించాను.

“కూరల ఉప్పేసి, అది కరగకముందే నాలుక మీద ఏసుకొని, సప్పగున్నదని మల్ల ఉప్పేస్తవా అల్లుడు?” అంది. గొంతులో కోపం లేదు. వంట నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళకు చెప్పినట్టే చెప్పింది. నేనైతే ఆ సీసా తీసుకెళ్ళి కాలువలో పారేసేవాణ్ణి. ఆమె సీసా అడిగి తీసుకుని, మూత బిగించి, బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి తన కొంగుకు కట్టుకుంది.

నాలుగు రోజులు కాళ్ళ మంటతోనే ఉండి, డాక్టరమ్మతో తానే మాట్లాడి, మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి ఒక్క చుక్కతో. గ్యాస్ బండ వచ్చిన రోజు రాసుకునే గోడ క్యాలెండరు మీదే ఆ రోజు ఎన్ని చుక్కలు, ఎప్పుడు నిద్రపట్టింది, పొద్దున తల ఎట్లుంది అని తన వంకర అక్షరాలతో రాసుకునేది. వారం ఒక్క చుక్కే. తర్వాత రెండు. మూడో చుక్క దగ్గర ఒక రాత్రి, కాళ్ళు ఉన్నాయి కానీ మంట పక్కింట్లో ఉన్నట్టుందని చెప్పి నవ్వింది. కాళ్ళ మంట మొదలయ్యాక ఆమె తెల్లారేదాకా పడుకున్నది ఆ రాత్రే. మా ఇంట్లో అందరం ఆ పొద్దున గిన్నె కూడా చప్పుడు చేయకుండా తిరిగాం. ఇంకో చుక్క వేస్తే ఇంకా బాగుంటుందేమో అని మళ్ళీ నేనే అన్నాను. “సాలు,” అంది. పక్కింటావిడ మోకాళ్ళ నొప్పులకు రెండు చుక్కలు అడిగితే, “నా కాగితం మీద నీకెట్లిస్తనక్కా, నీ కాగితం నువ్వు తెచ్చుకో,” అని చాయ్ ఇచ్చి పంపింది. చుక్కలు వేసుకున్న మర్నాడు తొమ్మిది దాటేదాకా పొయ్యి ముట్టేది కాదు. ఇరవై ఏళ్ళు మందులమ్మిన నేను మందు వాడటం ఆమెను చూసి నేర్చుకున్నాను. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

పెళ్ళి దగ్గరపడింది. పెళ్ళివంట అంటే తెల్లవారకముందే పొయ్యి వెలిగించాలి. ముందు రోజు చుక్కలు వేసుకుంటే ఆ వేళకు తల తేలిక కాదు. ఇంకెవరికైనా అప్పజెప్పమన్నాను. మాటిచ్చిన అంది, అంతే. ముందు రాత్రి చుక్కలు మానేసింది. ఏమాత్రం నిద్రపోయిందో నేనడగలేదు.

పదకొండింటికి నేను మోటారు సైకిల్ మీద వర్ని దాటి ఆ ఊరికి వెళ్ళాను. ఆమె వద్దన్నా ముందు రోజే అడిగి అడిగి తీసుకున్న తాళంచెవితో బీరువా తీసి, సీసా జేబులో పెట్టుకుని వెళ్ళాను. పందిరి వెనక ఐదు పొయ్యిలు మండుతున్నాయి. పెళ్ళివారు పూర్ణం బూరెలు కావాలన్నారు. పెద్ద మూకుడులో నూనె కాగుతోంది, దాని ముందు అత్తమ్మ. కాళ్ళ కింద తడి గోనెసంచి మడతపెట్టి వేసుకుంది. ఒక కాలి మీద కాసేపు, ఇంకో కాలి మీద కాసేపు. ముఖం పాలిపోయి ఉంది. ఆమె చెయ్యి మాత్రం పిండిలో ముంచిన పూర్ణాన్ని నూనెలోకి జారవిడవడంలో ఒక్క చుక్క చిందించలేదు. చుట్టూ ఆమె ఆడవాళ్ళు వంగి పనిచేస్తున్నారు.

దగ్గరికి వెళ్ళి జేబు చూపించాను. ఒక్క చుక్కే, ఎవరికీ తెలియదన్నాను.

ఆమె నూనె మీంచి కళ్ళు తీయలేదు. “గిప్పుడేస్తే వంటయినంక ఎక్కుతది, నాకు తెల్వదా? ఎక్కకున్నా ఏసుకోను. నా కాలు మండితే నాకే మండుతది అల్లుడు. నా చెయ్యి తప్పితే గీ ఆడోళ్ళందరి మీద పడుతది నూనె. నువ్వు పోయి విస్తర్లు సూడు.”

నేను వెళ్ళి విస్తర్లు చూశాను. నాలుగు బంతులు లేచాయి. నాలుగో బంతి వాళ్ళు చేతులు కడిగేదాకా ఆమె కూర్చోలేదు.

పెళ్ళికూతురి తండ్రి పళ్ళెంలో చీర పట్టుకుని వచ్చాడు. “అమ్మా, మాట నిలబెట్టుకున్నారండీ. మా చిన్నవాడి పెళ్ళికి కూడా మీరే రావాలి,” అన్నాడు.

“రాను బాబూ,” అంది ఆమె. “కాళ్ళకు గంజాయాకు మందు ఏసుకుంటున్న. అది ఏసుకున్న మనిషి పొయ్యికాడ ఉండొద్దు.” దాచకుండా, అందరిముందూ చెప్పింది. ఆయన చీర ఆమె చేతుల్లో పెట్టి వంగి కాళ్ళకు దండం పెట్టబోతే, మండుతున్న పాదాలు వెనక్కి లాక్కుంది. తర్వాత పదిహేనేళ్ళుగా తనతో ఉన్న పెద్దామెను పిలిచి జల్లిగరిటె ఆమె చేతిలో పెట్టింది. “ఇగ నువ్వే సూసుకో చెల్లె,” అంది. ఆ పెద్దామె ఏడ్చింది. అత్తమ్మ ఏడవలేదు. నేను బండి దగ్గరికి వెళ్ళి ఏడ్చాను.

సాయంత్రం ఇంటికొచ్చాక ఆమె స్నానం చేసి, రెండు ముద్దలు తిని, మంచం మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. సీసా తెచ్చాను. చుక్కలు లెక్కపెట్టేముందు అలవాటుగా అడిగాను, రేపు పొద్దున పొయ్యి పని ఏమైనా ఉందా అని. ఆమె కొంచెంసేపు తన అరిచేతులు చూసుకుంది.

“లేదు బిడ్డా,” అంది. “రేపు లేదు. ఎల్లుండి లేదు. ఇగ ఇయ్యి.”