ఎస్తేరు అక్క కోపం

తల్లాడ రోడ్డు మీద జామాయిల్ కర్రల లారీ ముందు వెళ్తుంటే ఆ వాసన బస్సులోకి కొడుతుంది. అప్పుడే నరికిన కర్ర, పచ్చి బెరడు, దగ్గుమందు లాంటి ఘాటు. పక్కన కూర్చున్నవాళ్లు జలుబు వదులుతుందని గట్టిగా పీల్చుకుంటారు. నాకు మాత్రం కోపం వస్తుంది. ముందు కోపం వస్తుంది, ఎందుకొచ్చిందో ఆ తర్వాత గుర్తొస్తుంది. మొన్న కూడా కాలేజీకి పాఠం చెప్పడానికి వెళ్తూ, బస్సు దిగేదాకా పళ్లు నూరుతూనే కూర్చున్నాను. ఇది నాకు పుట్టుకతో వచ్చిన గుణం కాదు. మా ఇంట్లో అందరం నోట్లో నాలుక లేని మనుషులం. ఈ కోపం నాకు ఎస్తేరు అక్క ఇచ్చింది.

ఎస్తేరు అక్కది మధిర. తండ్రి రైల్వేలో చిన్న ఉద్యోగి, తల్లి చర్చిలో పిల్లలకు పాటలు నేర్పేది. రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లలో, భద్రాచలం అడవి మొదలయ్యే చోట ఉన్న మా విశ్వవిద్యాలయ పీజీ కాలేజీలో నేను వృక్షశాస్త్రం మొదటి ఏడాది చేరేటప్పటికి ఆమె రెండో ఏడాదిలో ఉంది. పొట్టి మనిషి. వరండాలో చెప్పుల టపటప వినబడితే మెస్ కాంట్రాక్టరు వంటగదిలోకి తప్పుకునేవాడు. ఆదివారం ప్రార్థనకు వెళ్లి వచ్చి, మధ్యాహ్నం అతనితో పోట్లాటకు దిగేది. "క్షమించమని పొద్దున్నే పాడి వచ్చినవ్ గదక్కా" అని మేము ఏడిపిస్తే, "క్షమించేది మనుషుల్నే. నీళ్ల చారును కాదు" అనేది.

ఆమె పెట్టిన పర్యావరణ సంఘంలో నేను చేరిన తీరు చెబితే నవ్వుతారు. కాలేజీ వార్షికోత్సవానికి పెద్ద పెద్ద అతిథులు వచ్చారు. భోజనాలు థర్మాకోల్ పళ్లాల్లో. అప్పట్లో అవి కొత్త, పెళ్లిళ్లలో కూడా వాటినే గొప్పగా చెప్పుకునేవారు. మర్నాడు ఆ ఎంగిలి పళ్లాలన్నీ మా ఆడపిల్లల హాస్టల్ వెనక పోసి తగలబెట్టారు. నల్లటి పొగ కిటికీల్లోంచి గదుల్లోకి దూరింది. అందరం దుపట్టాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని బయట నిలబడి దగ్గుతున్నాం. ఎస్తేరు అక్క ఒక బకెట్ నీళ్లు మంట మీద గుమ్మరించి, సగం కాలిన పళ్లాలను గోనెసంచిలోకి ఎత్తుతూ నా వైపు చూసింది.

"ఏందే పిల్లా, ఊకె దగ్గుకుంట నిలబడ్డవ్? సంచి మూతి పట్టు."

పట్టాను. ఆ సంచిని ఇద్దరం మోసుకెళ్లి ప్రిన్సిపాల్ గది ముందు బోర్లించాం. ఆయన బయటికొచ్చి ముక్కు మూసుకున్నారు. "సార్, మీ చుట్టాలు తిని పోయినయి. మా గదుల్లకి పొగై వస్తున్నయి. మీ గదిల కొంచెం సేపు ఉండనియ్యండి" అంది. సంఘంలో చేరడమంటే అంతే, దరఖాస్తు లేదు, చందా లేదు. ఎవరు సంచి పడితే వాళ్లు సభ్యులు. మగపిల్లలు మమ్మల్ని 'ఆకులోళ్లు' అని వెక్కిరించేవారు. ఎస్తేరు అక్క ఆ పేరునే అట్టముక్క మీద రాసి హాస్టల్ తలుపుకు తగిలించింది.

పళ్లాలు వద్దన్నప్పుడు మరి దేంట్లో తినాలో మేమే చెప్పాల్సి వచ్చింది. కాలేజీకి కాస్త దూరంలో అడవి అంచున ఒక కోయగూడెం ఉంది. అక్కడ ముత్తమ్మ అనే ఆమె అడవి నుంచి అడ్డాకు అనే వెడల్పాటి తీగాకు తెచ్చి, పుల్లలతో విస్తర్లు కుట్టి సంతలో అమ్మేది. పోడు చేను, ఈ ఆకు, ఎండాకాలంలో ఇప్పపువ్వు, ఇవే ఆ ఇంటికి ఆధారం. మేము మొదటిసారి వెళ్లినప్పుడు ఆమె మమ్మల్ని ఎగాదిగా చూసి, "చదువుకున్నోళ్లు ఆకుల తింటరా? కూర కారితే నన్ను తిట్టొద్దు మరి" అంది. ఎస్తేరు అక్క అక్కడే కూర్చుని ఒక విస్తరి కుట్టబోయి ఆకు చింపేసింది. ముత్తమ్మ పకపకా నవ్వింది. ఆ తర్వాత హాస్టల్ మెస్‌లో, కాలేజీ భోజనాల్లో ఆమె విస్తర్లే నడిచాయి. వాటి కోసం వెళ్తూ వస్తూ ముత్తమ్మ ఇంట్లో జావ తాగడం మాకు అలవాటైపోయింది.

ఇదంతా బాగానే ఉంది కదా, కోపం ఎందుకంటారా? వస్తున్నాను.

మా పేరు బయటికి పొక్కింది. అదే కొంప ముంచింది. మరుసటి ఎండాకాలం చివర పర్యావరణ దినోత్సవం వస్తోందనగా ప్రిన్సిపాల్ మమ్మల్ని పిలిచి, ఎన్నడూ లేనిది, కుర్చీల్లో కూర్చోబెట్టారు. ఏదో కంపెనీ ముందుకొచ్చిందట. మొక్కలు వాళ్లవే, టోపీలు వాళ్లవే, భోజనం వాళ్లదే. అడవి పక్కన ఖాళీ భూమి చూశారు, మేము వచ్చి నాటితే చాలు. ఎస్తేరు అక్క అడిగిన ప్రశ్నలు రెండే. ఏ మొక్కలని, ఎక్కడని. "అన్నీ వాళ్లు చూసుకుంటారమ్మా" అన్నారు ఆయన. ఆమె మొహం అప్పుడే ముడుచుకుంది. అయినా పిల్లలందరూ ఉత్సాహంగా ఉన్నారని బయలుదేరింది.

ట్రాక్టర్లలో పాటలు పాడుకుంటూ వెళ్లాం. ఆగిన చోటు చూసి పాట ఆపేశాం. అది ముత్తమ్మ చేను. గట్లు ఉన్నాయి, మంచె గుంజలు ఉన్నాయి, మూలన ఆమె పెనిమిటి ఏరి పోసిన రాళ్లకుప్ప ఉంది. పంట మాత్రం లేదు. నాటాల్సినవి జామాయిల్ నారు. 'బంజరు భూమికి పచ్చని చీర' అని బ్యానరు. చీర కట్టించుకోవడానికి ఆ భూమేమైనా అడిగిందా అని ఇప్పుడు అడగాలనిపిస్తుంది.

ముత్తమ్మ గూడెం నుంచి పరుగెత్తుకొచ్చింది. ముందు మమ్మల్ని గుర్తుపట్టి నవ్వబోయింది. పారలు చూసి ఆగిపోయింది.

"ఏంది బిడ్డా, నా చేన్లకి పారలు పట్టుకొచ్చినరు?"

కంపెనీ తరఫున టై కట్టుకుని వచ్చిన ఒకాయన ముందుకొచ్చి, "ఇది వేస్టు ల్యాండమ్మా. రికార్డుల్లో ఎవరి పేరూ లేదు. ఖాళీగా ఉంది కదా" అన్నాడు.

"ఖాళీ ఏంది సారూ? పండుకున్నది. ఏసి ఏసి అలిసింది. ఇంకో ఏడు పండుకుంటే లేస్తది" అంది ముత్తమ్మ. తర్వాత ఎస్తేరు అక్క వైపు తిరిగి, "ఇంక మా భూమి పండుగ గూడ కాలే. పండుగ గాకముందు మేమే మట్టిల గునపం పెట్టం. మీరెట్ల పెడ్తరు?" అని అడిగింది.

అక్కడి గూడేలలో అది కట్టుబాటు. వానలకు ముందు ఊరంతా కలిసి భూమికి పండుగ చేసి, విత్తనానికి మొక్కిన తర్వాతే ఎవరైనా నేల తవ్వుతారు, విత్తుతారు.

ఎస్తేరు అక్క తలమీది టోపీ తీసి ప్రిన్సిపాల్ చేతికిచ్చింది. మా వైపు తిరిగి, "పారలు కింద పెట్టండి" అంది. ఒక అబ్బాయి, "అటెండెన్స్ పోతదక్కా" అని గొణిగాడు. "పోనియ్ రా. అటెండెన్స్ మళ్లొస్తది, భూమి రాదు" అంది. ఒక్కొక్క పారా నేల మీదకు చేరింది. ప్రిన్సిపాల్ మొహం కందగడ్డలా అయింది.

"మొక్కలు నాటడం కూడా తప్పేనా? నువ్వేగా పర్యావరణం, పర్యావరణం అని అరిచేది!"

"వేరేటోళ్ల చేన్ల నాటితే తప్పే సార్. సెలవులకి మేం ఇండ్లకు పోతే మా హాస్టల్ గదులు ఖాళీగనే ఉంటయి. అట్లని ఇంకెవరికన్న కిరాయికి ఇస్తరా?"

టై కట్టుకున్నాయన అప్పటికి చుట్టూ చేరిన గూడెం వాళ్లను మొక్కలు నాటడానికి కూలికి పిలిచాడు. ఒక్కరూ కదల్లేదు. ఒక పెద్దాయన మర్యాదగా, "పండుగ గాకుండ మట్టి ముట్టం సారూ" అన్నాడు. అది ఆయన నమ్మకం. టై ఆయన దాన్ని గడువు కింద తీసుకున్నాడు. "సరే, పండుగ అయిన తర్వాతే వస్తాం. అప్పుడు అభ్యంతరం లేదు కదా" అని నవ్వుతూ ట్రాక్టరెక్కాడు. ఆ నవ్వు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఎదుటివాడి మర్యాదను వాడి మెడకే ఉరితాడు చేసేవాళ్లుంటారని ఆరోజే చూశాను.

కాలేజీలో మా సంఘాన్ని రద్దు చేశారు. ఎస్తేరు అక్కను హాస్టల్ ఖాళీ చేయమన్నారు. చివరి పరీక్షలు ఆమె బజారులో ఒక రేకుల గది కిరాయికి తీసుకుని రాసింది. మేము చాటుగా అన్నం తీసుకెళ్తే, "దొంగతనం చేసినట్టు ఆ నడకేందే? తలెత్తుకొని రండి" అని కసిరేది.

భూమి పండుగ మర్నాడు అక్కా నేనూ గూడేనికి వెళ్లాం. కంపెనీ వాళ్లు వస్తే అడ్డుపడదామని మా ఉద్దేశం. మేము వెళ్లేసరికి ముత్తమ్మ చేలో నాగళ్లు తిరుగుతున్నాయి. ఊరంతా సాయం వచ్చింది. ముత్తమ్మ కొంగులో జొన్నలు పోసుకుని విత్తుతోంది. ఎస్తేరు అక్క సంబరంగా, "మంచి పని చేసినవ్ ముత్తమ్మా, పంటుంటే ఖాళీ అని ఎవడంటడు" అంది.

ముత్తమ్మ విత్తడం ఆపలేదు. "నువ్వు ఆరోజు మంచిగ నిలబడ్డవ్ బిడ్డా. కాదనను. కానీ ఇంకో ఏడు పండుకోవాల్సిన భూమి ఇది. మీ కాలేజీ వొచ్చి ఖాళీ అన్నది, నేను లేపుతున్న. బాలెంతను పొలానికి తోలినట్టుంది" అంది. ఆమె కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

తిరిగి వచ్చేటప్పుడు దారిలో ఎస్తేరు అక్క, "రమా, ఆమెకు మన మీద కోపం వొచ్చింది. రావాల్సిందే. సర్ది చెప్పబోకు, ఎవరికీ" అంది.

టై ఆయన వచ్చాడట, పైరు మొలకలు చూసి వెనక్కి వెళ్లాడట. ఆ ఏడు కంకులు బొటనవేలంత కూడా కాలేదు. ఆ తర్వాత కొన్నాళ్లకు విస్తరాకుల్లో భోజనాలు పెట్టిస్తున్నందుకు మా కాలేజీకి ఏదో మెచ్చుకోలు సభ జరిగింది. ప్రిన్సిపాల్ శాలువా కప్పించుకున్నారు. ఎస్తేరు అక్కను పిలవలేదు. ముత్తమ్మను అసలే పిలవలేదు. వెనక వరసలో కూర్చున్న నేను లేచి నిలబడి ఆ ఇద్దరి పేర్లూ గట్టిగా చెప్పి బయటికి వచ్చేశాను. నా జీవితంలో నేను సభలో మాట్లాడటం అదే మొదలు.

ఎస్తేరు అక్క ఇప్పుడు సత్తుపల్లిలో ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతుంది. నా కాలేజీలో ఏటా మొక్కలు నాటించే పని నా నెత్తిన పడుతుంది. ముందు రోజు పిల్లల్ని తీసుకుని ఆ చోటికి వెళ్తాను, చుట్టుపక్కల ఇండ్ల తలుపులు కొట్టి ఇది ఎవరిదని అడిగిస్తాను. లేని తలనొప్పి తెస్తానని తోటివాళ్లు విసుక్కుంటారు. కోపిష్టి మేడమని పేరుంది. ఉండనీ.

మా పాత స్నేహితులు కలిస్తే, ఆరోజు ముత్తమ్మ చేను కాపాడాం కదా అని మురుస్తారు. ఎస్తేరు అక్క సర్ది చెప్పొద్దంది కాబట్టి చెబుతున్నాను. కాపాడలేదు. అలిసిపోయిన ఆ భూమికి ఇంకో ఏడు నిద్ర మిగిలి ఉండింది. అది పోయింది.