అవ్వ మెడలో తలుగు

మొన్న నార్కట్‌పల్లిలో తాళ్లమ్మే దుకాణం ముందు నిలబడితే, నైలాను చుట్టల వెనుక నుంచి తడిసిన జనుపతాడు వాసన వచ్చింది. అంతే, ఎనభై అయిదు దాటిన నేను కట్టంగూర్ దగ్గరి మా ఊళ్లో తొమ్మిదేండ్ల వాణ్ని అయిపోయాను.

ఆ ఏడు వానలు బాగా పడి, జొన్నచేలు నన్ను దాటి పెరిగి, పొద్దున్నే ఇల్లంతా జొన్నగట్క ఉడికే వాసనతో, నన్ను పెంచిన అవ్వ తన చేత్తో జనుముతో పేనిన మెడతాడుతో, అదే తలుగుతో, కట్టేసిన ఎర్రావు అరుపుతో నిండి ఉండేది. రజాకార్లు వస్తున్నారంటే ఊరంతా గుట్టకు పరుగెత్తే రోజులు. వాళ్లు మా వాడ మీద పడ్డనాడు నేను వడిసెల తిప్పి ఒకడి నొసలు పగలగొట్టాను. మనవళ్లకు ఇప్పటికీ ఇట్లనే చెబుతాను. ఒట్టి కోతలు.

జరిగింది ఇది. గింజల గంప నెత్తికెత్తుకుంటూ అవ్వ కేకేసింది: “ఒరేయ్, ఆవు తలుగు ఇప్పి ఉరుకురా!” నేను కొట్టంలోకి పోయి, చూరులో దాచిన బొంగరం తీసుకుని ఉరికాను. తలుగు సంగతి గుట్టెక్కాక గుర్తొచ్చింది. అప్పటికే కొట్టం తగలబడుతోంది.

మెడలో తాడుతో ఆవు చస్తే కట్టేసినవాళ్లే పాపులట. అవ్వ మెడకు తలుగు వేసుకుని, మాట్లాడకుండా, ‘అంబా’ అని మాత్రమే అరుస్తూ అయిదూళ్లు అడుక్కోవాలని ఊరి పెద్ద తీర్పు చెప్పాడు.

“కొట్టానికి అగ్గి పెట్టినోని మెడల ఏమేస్తరు పటేలా?” అని అవ్వ అడిగింది.

“గది సర్కారు ముచ్చట. గిది ధర్మం.”

ఇంతలో ఇండియా మిలటరీ వచ్చింది, రజాకార్లు పోయారు. బతుకమ్మనాడు, ఊరంతా తంగేడుపూలతో పచ్చగా ఉన్నప్పుడు, ఆ రజాకార్లకే కోటలాంటి తన గడిలో విందులు పెట్టి పట్నం పారిపోయిన మా ఊరి దొర మోటారులో తిరిగొచ్చాడు. ఆయన మెడలో పూలదండ వేసింది ఆ ఊరి పెద్దే. అదే దారిన అవ్వ నాలుగో ఊరు పోతోంది, మెడలో తలుగుతో.

“పాపిదానా, దొరకు ఎదురొస్తవా? జరుగు!” అని ఊరి పెద్ద కసిరాడు.

‘పాపివి నువ్వు’ అని నేను గర్జించాను. లేదు, కడుపులోనే. నోట్లో గడి ముందు పంచిన బెల్లపు మలీద ముద్ద ఉంది.

ఆ సాయంత్రం ఒరిసిపోయిన అవ్వ మెడకు ఆముదం రాస్తూ, “తలుగు నేనే ఇప్పలే అవ్వా” అన్నాను. ఇంకా ఒక ఊరు మిగిలింది, అవ్వ మాట్లాడకూడదు. అయినా మాట్లాడింది.

“ఎర్కనే బిడ్డా. గుట్ట మీద నీ చేతుల బొంగరం జూసిన్నాడే ఎర్కైంది. ఎవ్వరికి జెప్పకు. నీ మెడ సన్నగున్నది.”

తెల్లారి అయిదో ఊళ్లో ‘అంబా’ అని అరిచింది.

ఇప్పుడు గడి కూలిపోయింది, మా వాడలో ఒక్క ఆవూ లేదు, తలుగు పేనే చేతులూ లేవు. అయిదూళ్లు తిరిగాక అవ్వ పాపం పోయిందన్నారు. దొర పాపం ఎవరూ అడగలేదు. నాది కూడా.

“ఎన్ని మూరలు గావాలె తాతా?” అన్నాడు దుకాణదారు.

జనుపతాడు కొస అందుకుని నా మెడ చుట్టూ కొలిచి చూశాను.