పెంటగుంతలో గునుగు పూలు

ఒమన్‌లో అల్ సువైక్ బజారులో విత్తనాలు, ఎరువులు అమ్మే కొట్టులో కూర్చుంటాను. కొట్టు నాది కాదు, కుర్చీ మాత్రమే నాది. పేరు జావెద్, ఊరు కడప. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఇంట్లోవాళ్లూ అంటారు, కొట్టుకొచ్చేవాళ్లూ అంటారు. వచ్చినంత వేగంగా పోతుంది కూడా. భీమన్న విషయంలో వచ్చిన కోపం మాత్రం ఇంకా పోలేదు. అది ఎవరి మీదో తేలకపోవడమే కారణం.

భీమన్నది జగిత్యాల దగ్గర ఒక పల్లె. అక్కడ పసుపు పండించినవాడు, ఇక్కడ ఒక అర్బాబ్ ఖర్జూరపు తోట, ఇంటి ముందు లాన్ చూసుకుంటాడు. అర్బాబ్ అంటే యజమాని. భీమన్న ఎంత నెమ్మది మనిషంటే, అతను ఒక మాట పూర్తిచేసేలోపు నేను ఇద్దరు గిరాకీలను పంపించెయ్యగలను.

ఇక్కడి ఎండాకాలం అన్నిటినీ మాడ్చి అక్టోబరులో కాస్త పట్టు వదులుతుంది. తోటలకు అసలు పని అప్పుడే. వేసవి గడ్డిని నేలబారుగా కోసి, నీళ్లు తగ్గించి, ఇనుప పళ్ల దంతెతో గీకి, చలికాలపు గడ్డి విత్తనం చల్లాలి. జల్లెడ పట్టిన పశువుల పెంటను దాని మీద పలచగా కప్పి, పూటపూటకూ తుంపరగా తడపాలి. కాగితంపూల తీగలు కత్తిరించాలి, వేపకొమ్మలు దించాలి, కుండీల్లో మట్టి మార్చాలి. చల్లబడ్డాక అర్బాబ్ చుట్టాలు ఇంట్లో కూర్చోరు. ఆ గడ్డి మీదే తివాచీలు పరుచుకుని కాఫీ తాగుతారు. గడ్డి పచ్చగా ఉండటం ఆయనకు పరువు సంగతి.

ఈసారి భీమన్నకు కూడా అది ప్రాణం మీది సంగతి అయింది. ఊళ్లో అతని భార్య రాములవ్వకు రక్తం పోతోంది. గర్భసంచి తీసెయ్యాలని, దీపావళి దాటనివ్వొద్దని డాక్టర్లు అన్నారు. ఆమె రెండు కాన్పులూ కోతలే, రెండుసార్లూ భీమన్న ఒమన్‌లోనే ఉన్నాడు. అందుకే ఆమె ఒకటే పట్టు పట్టింది. ఈసారి అతను వచ్చి గుమ్మం దగ్గర నిలబడితేనే ఆపరేషన్ గదిలోకి అడుగుపెడతానంది. వస్తానని భీమన్న మాటిచ్చాడు. గడ్డి పచ్చబడిన రోజే టికెట్ చేతిలో పెడతానని అర్బాబ్ అతనికి మాటిచ్చాడు. తోటలో రెండో మనిషి లేడు, కొడుకు పెళ్లికి చుట్టాలు రాబోతున్నారు, ఆయన తొందర ఆయనది.

విత్తనం నా దగ్గరే కొన్నాడు. కొన్నాళ్లకు మొలకలొచ్చాయని ఫోన్ చేశాడు, కానీ గొంతులో సంతోషం లేదు. ఒకసారి వచ్చి చూడమన్నాడు. వెళ్లాను.

గడ్డి మొలిచింది. దాని మధ్య ఈ మూల నుంచి ఆ మూల దాకా ఎర్రటి కాడలతో ఇంకేదో మొలిచింది, గడ్డి కంటే ఒత్తుగా. ఏమిటదంటే గునుగు అన్నాడు.

గునుగు పువ్వు లేకపోతే తెలంగాణవాళ్లకు బతుకమ్మ నిండదు. ఇక్కడి ఆసుపత్రిలో నర్సు శ్రీలత, ఆమె స్నేహితురాళ్లు ఆ పువ్వు దొరక్క దిగులుపడుతుంటే, భీమన్నే ఊరి నుంచి గింజలు తెచ్చి నీళ్ల ట్యాంకు వెనక వేశాడు. నిరుడు వాళ్లు బతుకమ్మను సముద్రంలో వదిలారు. ఊరి చెరువు తీసుకుని ఊరుకుంటుంది, ఈ సముద్రం అలా కాదు. తెల్లారేసరికి పూలన్నీ ఒడ్డుకు తెచ్చి పడేసింది. వాటిని తొక్కుకుంటూ పిల్లలు బంతాట ఆడుతున్నారు. పూజ చేసిన పూలు కాళ్ల కింద నలుగుతుంటే భీమన్న చూడలేకపోయాడు. అన్నిటినీ సంచిలోకి ఎత్తుకొచ్చి, ఎవరూ తొక్కని చోటు కదా అని, తోట వెనక పెంటగుంతలో కప్పిపెట్టాడు. ఈ ఏడు ఆ గుంతలోని పెంటే జల్లెడ పట్టి లాన్ నిండా చల్లాడు. గునుగు గింజ ఆవగింజ కంటే చిన్నది. ఏ జల్లెడా దాన్ని ఆపదు.

నాకు ఒళ్లు మండింది. సముద్రం ఏం చేసుకుంటే నీకెందుకని, బుద్ధుండే చేశావా అని నోటికొచ్చినట్టు తిట్టాను. అతను వంగి ఒక మొక్క పీకి చూపించాడు. దాని వేరుతో పాటు గడ్డిపోచలు కూడా లేచి వచ్చాయి.

మా కొట్టులో కలుపుమందు ఉంది. గడ్డి ముదిరాక కొట్టే మందు అది, పసిగడ్డి తట్టుకుంటుందో లేదో చెప్పలేం. అయినా ఒక మూల కొట్టి చూద్దామన్నాను.

"బతుకమ్మల పెట్టే పువ్వు భాయ్," అన్నాడు భీమన్న. "రాములవ్వ గట్ల మంచంల ఉన్నప్పుడు, దాని మీద మందు కొట్టుమంటవా?"

ఆ తర్వాత నేను మందు ఊసు ఎత్తలేదు.

అర్బాబ్ చూసి, మొత్తం తవ్వేసి మళ్లీ విత్తమన్నాడు. అలా చేస్తే ఇంకో నెల. చేత్తో ఏరేస్తానని భీమన్న బతిమాలుకున్నాడు. సరే, కానీ శుభ్రమయ్యేదాకా టికెట్ లేదన్నాడాయన. భార్య సంగతి ఆయనకు చెప్పావా అని నేను అడిగితే, గర్భసంచి మాట పరాయి మగవాడి ముందు ఎలా ఎత్తుతానన్నాడు భీమన్న. నన్నూ ఎత్తొద్దని ఒట్టు వేయించుకున్నాడు. నాకు అరబ్బీ కాస్త వచ్చు కాబట్టి, భీమన్న భార్యకు ఒంట్లో బాగాలేదని మాత్రం వెళ్లి చెప్పాను. అర్బాబ్ నాకు కాఫీ పోసి, మర్యాదగానే విని, సెలవు కావాలన్న ప్రతివాడి భార్యకూ జబ్బే అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. అదే నాకు మరీ కోపం. మనసారా తిట్టుకోవడానికి కూడా ఎవరూ మిగల్లేదు.

ఇక భీమన్న మోకాళ్ల మీద కూలబడ్డాడు. ఎడమ చేతి రెండు వేళ్లతో గడ్డిని అదిమిపట్టి, కుడిచేత్తో గునుగు మొక్కను లాగేవాడు. ముందు ఏరుకుంటూ పోతుంటే వెనక మళ్లీ మొలిచేది. గడ్డికి పెట్టే నీళ్లే దానికీ అందుతున్నాయి మరి. మొదట్లో రాములవ్వ రోజూ ఫోన్ చేసి ఎంతవరకు వచ్చిందని అడిగేది. తర్వాత అడగడం మానేసింది. దీపావళి వచ్చి వెళ్లిపోయింది. అతని మోకాళ్లు పుళ్లు పడ్డాయి. చూస్తే ఏడుపొస్తుందని నేను అటు వెళ్లడం తగ్గించాను.

చివరికి లాన్ శుభ్రపడింది. అర్బాబ్ చెప్పులు విప్పి దాని మీద అటూ ఇటూ నడిచి, భీమన్న భుజం తట్టి, ఆ సాయంత్రమే టికెట్ ఇచ్చాడు. భీమన్న ఆ కాగితం పట్టుకుని నేరుగా కొట్టుకొచ్చాడు. అతను నవ్వగా చూడటం నాకు అదే మొదలు. నేను కూడా వినాలని స్పీకర్ పెట్టి రాములవ్వకు ఫోన్ చేశాడు.

టికెట్ వచ్చిందన్నాడు.

"మొన్ననే అయిపోయింది ఆపరేషన్," అంది రాములవ్వ. గొంతు నీరసంగా ఉంది. "నెత్తురు ఆగలె. నీకు చెప్తే పని మీద చెయ్యాడదని చెప్పలె. అక్క తోలుకపోయింది."

భీమన్న టికెట్ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"గుమ్మం కాడ ఒక్కసారి ఎనుకకు మర్లి చూసిన," అంది. తర్వాత, పక్కింటివాళ్లను అడిగినట్టు, "గడ్డి మంచిగ మొల్సిందా?" అని అడిగింది.

"మొల్సింది," అన్నాడు భీమన్న.