నా గప్పీలను తిన్న కప్పతో కామ్‌రేజ్ దాకా

తొట్టెలో పన్నెండు గప్పీ చేపలు ఉండాలి. ఆ రోజు పొద్దున లెక్కపెడితే మూడున్నాయి. మూడోదాని తోక కప్ప నోట్లోంచి బయటికి వేలాడుతోంది. అంటే రెండే. నెలన్నర క్రితం సూరత్ శివార్లలోని కామ్‌రేజ్‌లో మా అత్త ఇంటికి వెళ్ళినప్పుడు అక్కడి దుకాణంలో కొన్న కప్ప అది. అక్కడ దాని తొట్టె మీద చీటీ అంటించి ఉంది: డ్వార్ఫ్ ఫ్రాగ్, చిన్నదిగానే ఉంటుంది, చేపలతో కలిసి ఉంటుంది. ఎనభై రూపాయలు. తెల్లగా, ఎర్రటి కళ్ళతో, బొటనవేలంత ఉంది. ముచ్చటపడి తెచ్చాను. చేపలు ఒక్కొక్కటే మాయమవుతుంటే అమ్మ మీద అరిచాను. బ్లీచింగ్ బకెట్‌తో తొట్టెలో నీళ్ళు పోస్తోందని నా అనుమానం. "నాకేం పనిలేదానే, నీ చాపల్ని సంపుడే నా పనా?" అని ఆమె రెండు రోజులు నాతో మాట్లాడలేదు. చచ్చిన చేప ఒక్కటీ నీళ్ళలో తేలలేదన్న సంగతి నాకు తట్టనే లేదు.

నేను సూరత్‌లోని ఉధ్నాలో ఒక సాంచాల కార్ఖానాలో, మరమగ్గాల మీద నేసిన బట్ట చెకింగ్ చేస్తాను. తాకా, అంటే మగ్గం మీద నుంచి దిగిన బట్ట చుట్ట, నా బల్ల మీదికి వస్తుంది. దాని మీద క్వాలిటీ నంబరుతో చీటీ ఉంటుంది. చీటీని నమ్మితే మా ఉద్యోగం పోతుంది. పిక్ గ్లాసు అనే చిన్న భూతద్దం పెట్టి అంగుళానికి ఎన్ని పోగులో లెక్కపెట్టాకే పాస్ చేస్తాం. రోజంతా ఆ పని చేసే నేను కప్పను మాత్రం చీటీ చూసి కొన్నాను. కోపం దుకాణం మీద ఎంతో, నా మీదా అంతే.

మూడు రోజులు ఫోన్‌లో చదివాను, ఫొటోలు పక్కపక్కన పెట్టుకుని చూశాను. నా దగ్గరున్నది డ్వార్ఫ్ కాదు, క్లాడ్ ఫ్రాగ్. రెండూ ఆఫ్రికా జాతులే, రెండూ నీళ్ళలోనే ఉంటాయి, పిల్లలప్పుడు అన్నదమ్ముల్లా కనిపిస్తాయి. డ్వార్ఫ్ ఎంత పెరిగినా ఒకటిన్నర అంగుళం. క్లాడ్ అరచేయంత అవుతుంది, నోట్లో పట్టిందల్లా మింగుతుంది, పదిహేనేళ్ళు కూడా బతుకుతుంది. క్లాడ్ అంటే గోళ్ళున్నది అని పేరు విని గోళ్ళు వెతక్కండి, వెనక కాళ్ళకు గోళ్ళు రెండింటికీ ఉంటాయి. ముందు చేతులు చూడాలి. డ్వార్ఫ్‌కు వేళ్ళ మధ్య బాతుకాలిలా పొర ఉంటుంది, క్లాడ్‌కు వేళ్ళు విడివిడిగా ఉంటాయి. డ్వార్ఫ్ కళ్ళు తలకు పక్కలకుంటే, క్లాడ్ కళ్ళు నెత్తి మీద ఉండి పైకి చూస్తుంటాయి. తెల్లదైతే ఇక అనుమానమే అక్కర్లేదు, అది క్లాడే.

సెలవు రోజున పొద్దున తొమ్మిదింటికి డిండోలిలో మా ఇంటి నుంచి బయల్దేరాను. మూతకు చిల్లులు పెట్టిన పెద్ద డబ్బాలో కొంచెం నీళ్ళు, నీళ్ళలో కప్ప. మీరూ వెళ్ళాలనుకుంటే దారి ఇది: డిండోలి నుంచి ఉధ్నాకు షేర్ ఆటో, ఇరవై రూపాయలు. అక్కడ సిటీ బస్సు ఎక్కి, మధ్యలో ఒకసారి మారి సర్థాణా చేరాలి. అక్కడి నుంచి మళ్ళీ షేర్ ఆటోలో కామ్‌రేజ్ చార్ రస్తా, ముప్పై. మొత్తం రెండు గంటలు పట్టింది. మధ్యాహ్నం ఎండలో మాత్రం కప్పతో ప్రయాణం పెట్టుకోకండి, డబ్బాలో నీళ్ళు వేడెక్కుతాయి.

సర్థాణాలో ఆటో డ్రైవర్ డబ్బా వైపు అదేపనిగా చూశాడు. "ఏముంది బేన్, మిఠాయా?" బేన్ అంటే గుజరాతీలో అక్క.

"కప్ప."

ముగ్గురు కూర్చునే వెనక సీటులో ఉన్నపళంగా నాకు బోలెడంత చోటు దొరికింది.

దుకాణం తెరిచి ఉంది, చీటీ కూడా అలాగే ఉంది. ఆ తొట్టెలో తెల్లవి, గోధుమ రంగువి కలిపి ముప్పై దాకా కప్పలు. దాని ముందు మన తెలుగువాడే ఒకాయన నిలబడి ఉన్నాడు. హజీరా ఓడరేవులో క్రేన్ నడుపుతాడు, పేరు సత్యం, జగిత్యాల దిక్కు మనిషి. కామ్‌రేజ్‌లో బామ్మర్ది ఇంటికి వచ్చాడు. ఇంట్లో చేపల తొట్టె ఉందట, నాలుగు తెల్ల కప్పలు కట్టమంటున్నాడు. ఆయన ఫోన్‌లో తెలుగు మాట్లాడుతుంటే విని ఆగలేకపోయాను.

"అన్నా, గవి కొనకు. నీ చాపల్ని తింటయ్."

"అరె, చీటీ మీద కలిసుంటదని రాసిండు గద చెల్లె."

"నేను గూడ గదే సదివి కొన్న. పది చాపలు పోయినయ్." డబ్బా మూత తీసి చూపించాను. నా కప్ప ఇప్పుడు నిమ్మకాయంత ఉంది. సత్యం అన్న ఒకడుగు వెనక్కి వేశాడు.

దుకాణం ఆయన జయేష్‌భాయ్, యాభై ఏళ్ళ మనిషి. హిందీ, గుజరాతీ కలిపి మాట్లాడాడు, నేను తెలుగులో రాస్తున్నాను. "చూడు బేన్, సప్లయర్ కవర్ మీద డ్వార్ఫ్ అనే రాసి పంపాడు. నేనేమైనా కప్పల డాక్టర్‌నా? వద్దంటే తాపీ నదిలో వదిలెయ్, అయిపోతుంది."

"తాపీలో ఉన్న చేపలు ఎవరివి? అవీ పోవాలా?" అన్నాను. "నాకు పైసలు వద్దు. ఆ చీటీ మార్చు. మార్చేదాకా ఇక్కడే ఉంటాను, వచ్చిన ప్రతి గిరాకీకీ ఈ కప్పను చూపిస్తాను."

"గిరాకీ ముందు తమాషా చేయకు!"

"తమాషా నేనా చేసింది? పారదర్శకంగా ఉండే డబ్బా ఒకటి ఇవ్వు."

ఆయన ఇవ్వలేదు. సత్యం అన్నే అరలోంచి ఒకటి తీసి ఇచ్చాడు. ఒక తెల్లదాన్ని, ఒక గోధుమదాన్ని వలతో పట్టి అందులో వేశాను. కింద నుంచి ఫోన్ టార్చ్ కొట్టి, సంచిలోంచి తీసిన నా పిక్ గ్లాసు పెట్టి జయేష్‌భాయ్‌ని చూడమన్నాను. చాలాసేపు చూశాడు. "దీనికి పొర ఉంది... దానికి లేదు," అని తనలో తను అనుకున్నట్టు అన్నాడు. అయినా ఒప్పుకోలేదు. "చిన్నవి అలాగే ఉంటాయి, పెరిగితే పొర వస్తుంది."

"రాదు. గోధుమవి ఎన్ని తెచ్చావ్?"

"పోయిన నెల ముప్పై. అవి బలహీనపు మాల్ బేన్. కొన్ని మూత సందులోంచి దూకి పోతాయి."

"దూకినవి నేల మీద ఎన్ని దొరికాయి?"

ఆయన తొట్టె మూలలో పొట్ట ఉబ్బిన పెద్ద తెల్ల కప్ప వైపు చూశాడు. నేనూ ఇంట్లో ఇలాగే అమ్మ బకెట్‌ను నిందించానని ఆయనకు చెప్పాను. జయేష్‌భాయ్ షట్టర్ సగం దించి, రెండో డబ్బా తనే తెచ్చాడు.

గంటన్నర ఏరాం. ఆయన వలతో పట్టడం, నేను కింద నుంచి చూడటం, సత్యం అన్న పక్కన నిలబడి లెక్క చెప్పడం. గోధుమ రంగులోనూ క్లాడ్‌లు ఉన్నాయి, రంగు చూసి సంతోషపడితే మోసపోతాం. చివరికి ఇరవై రెండు క్లాడ్‌లు తేలాయి. డ్వార్ఫ్‌లు మిగిలినవి తొమ్మిదే. "చెల్లె, నాకు కప్పలే వద్దు, జర నత్తలు ఏమన్న ఉంటె సూపియ్యుమను," అన్నాడు సత్యం అన్న.

జయేష్‌భాయ్ పాత చీటీ చింపాడు. కొత్తది గుజరాతీలో పెద్ద అక్షరాలతో రాశాడు: క్లాడ్ ఫ్రాగ్, పెద్దదవుతుంది, చేపల్ని తింటుంది, ఒంటరిగా ఉంచాలి. కింద ధర రాశాడు, నూట ఇరవై. నా నోరు తెరుచుకుంది. "పెద్ద జాతి కదా బేన్," అన్నాడు, ఏ మాత్రం సిగ్గు లేకుండా.

తిరుగు బస్సులో ఆ నూట ఇరవై గురించే ఆలోచించాను. ఆయన క్షమాపణ చెప్పలేదు, చెప్పినా నా పది గప్పీలు తిరిగిరావు. నా కప్పను వాపస్ తీసుకుంటానన్నాడు, నేను ఇవ్వలేదు. తప్పు పేరుతో వచ్చినా అది నా ఇంటికి వచ్చిన ప్రాణం. దానికి వేరే టబ్బు కొనుక్కుని వెళ్తున్నాను, పదిహేనేళ్ళు అది నా పూచీ. సూరత్‌లో ఇలాంటి తొట్టెలు ఇంకెన్ని ఉన్నాయో నాకు తెలియదు. ఆ ఒక్క దుకాణంలో మాత్రం చేపల తొట్టెలో వేయడానికి కప్ప కొనేవాడు ఇక తెలియక మోసపోడు. ధర ఎంతైనా పెట్టుకోనీ, అది ఆయన ఇష్టం. పేరు ఆయన ఇష్టం కాదు.

మీరు కొనబోతుంటే ఒకటే చెప్తాను: డబ్బులిచ్చే ముందు కప్పను పారదర్శక డబ్బాలో వేయించి, కింద నుంచి టార్చ్ కొట్టి ముందు చేతులు చూడండి. పొర చూపించడానికి ఒప్పుకోని దుకాణంలో కొనకండి.